రాయగడలో ఉండి సొంత పాటలతో బతకొచ్చా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు ఇరవై అయిదు. ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు బళ్ళో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు. గిటారు, కీబోర్డు, వేణువు, డోలక్ వాయిస్తాడు. సొంతంగా పద్నాలుగు పాటలు రాసి బాణీ కట్టాడు, మూడు యూట్యూబ్‌లో పెట్టాడు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళాలా, ఇక్కడే స్వతంత్రంగా పాటలు చేసుకుంటే పొట్ట గడుస్తుందా, ఇంకో వాద్యం నేర్చుకుంటే అవకాశాలు పెరుగుతాయా అని ప్రశ్న. పాట లింకు కూడా పెట్టాడు, విన్నాను.

అక్కా అనకుండా, మన వైపు అక్కని పిలిచినట్టు అప్పా అన్నావు. ఆ ఒక్క మాటకే ఇంత జవాబు రాయడానికి కూర్చున్నాను. మాది పర్లాకిమిడి. నాన్న రామమందిరంలో భజనకి హార్మోనియం వాయించేవారు. ఆయన భోజనానికి లేచినప్పుడల్లా నేను తిత్తి పట్టుకునేదాన్ని, అదే నా సంగీత పాఠశాల. పందొమ్మిదో ఏట బరంపురంలో ఒక మెలోడీ పార్టీలో కీబోర్డుకి చేరాను. (మన ఒడిశా వైపు ఆర్కెస్ట్రాని మెలోడీ అంటారు, అటువైపు చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను.) ఇప్పటికి ఇరవై ఆరేళ్ళు. కీబోర్డు, హార్మోనియం, మాండొలిన్, గిటారు, మనిషి రాకపోతే డోలక్. సొంత పాటలు ముప్పై ఎనిమిది విడుదల చేశాను. ఇల్లు గడుస్తోంది. కారు లేదు.

నువ్వు చివర్లో అడిగిన వాద్యాల సంగతే ముందు చెబుతాను, అసలు చిక్కు అక్కడే ఉంది. నాలుగు వాద్యాలు వచ్చినవాడికి రెండు సంపాదనలుంటాయి. ఒకటి, ఇంకొకరి పాటకి వాయించడం. రెండు, తన పాట. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. వాద్యాలు ఇంటద్దె కడతాయి. పెళ్ళిలో కీబోర్డు వాయించే కుర్రాడు రాలేదంటే నన్ను పిలుస్తారు, గుళ్ళో భజనకి హార్మోనియం మనిషి కావాలన్నా నన్నే పిలుస్తారు. ఒకే వాద్యం వచ్చినవాళ్ళు నెలకి నాలుగు రోజులు పని చూసే చోట నాకు తొమ్మిది పది రోజులు దొరికేవి. అది బతుకు. కానీ నా పాటలో ఆ వాద్యాలన్నీ దూర్చడం మొదలుపెట్టిన ఏడాది నా పాటలు ఎవరూ వినలేదు. వచ్చు కదా అని అన్నీ వాయించాను, అంతే తప్ప పాట అడగలేదు. కాబట్టి అయిదో వాద్యం వద్దు. ఉన్న నాలుగింటిలో ఒకదాన్ని, ఎవరైనా డబ్బిచ్చి పిలిచేంత గట్టిగా పట్టుకో. నీ విషయంలో అది డోలక్ అనుకుంటున్నాను. గిటారు వాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు, లయ నిలబెట్టేవాడు దొరకడం లేదు.

ఇక ఉద్యోగం. మానకు. సింగర్-సాంగ్‌రైటర్ అని ఇప్పుడు కొత్తగా అంటున్నారు గానీ, తానే రాసి తానే బాణీ కట్టి తానే పాడేవాణ్ణి మనవాళ్ళు ఎప్పటినుంచో వాగ్గేయకారుడు అన్నారు. మన పక్క విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారినే తీసుకో. 1864లో అజ్జాడలో పుట్టారు. హరికథ రాసింది ఆయనే, పాడింది ఆయనే, గజ్జె కట్టి ఆడింది ఆయనే. అయిదు తాళాలు ఒకేసారి వేసి చూపేవారని చెప్పుకుంటారు, వాయించిన ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పే లూప్ పెడల్ లేని రోజుల్లో! అంతటి మనిషికి కూడా సంస్థానం ఆదరణ ఉండేది, 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్‌గా కుర్చీలో కూర్చున్నారు. నెల జీతం ఉంటే కళ చచ్చిపోతుందనేది సినిమాల్లో మాట. నీ బడి సాయంత్రం నాలుగింటికి వదిలేస్తుంది, వేసవిలో నెలన్నర సెలవులు, పెళ్ళిళ్ళ సీజను కూడా సరిగ్గా అప్పుడే. నిన్ను చూసి నాకు కొంచెం కుళ్ళు కూడా వస్తోంది.

డబ్బు ఎలా వస్తుందో ఉన్నదున్నట్టు చెబుతాను. గత ఏడాది నాకొచ్చిన దాంట్లో సగానికి పైన ఇతరులకి వాయించినందుకే. తరవాత పిల్లలకి నేర్పినందుకు. నా పాటలు నేను పాడిన కార్యక్రమాలు మూడో స్థానం. స్ట్రీమింగ్, యూట్యూబ్ అన్నీ కలిపితే ఒక మంచి పెళ్ళి ప్రోగ్రాంకి వచ్చినంత, అంతే. సీజను చూసుకో: వినాయక చవితి నుంచి దసరా దాకా పందిళ్ళు, సంక్రాంతికి ఉగాదికి తెలుగు సంఘాల వాళ్ళు, కోరాపుట్‌లో పరబ్, బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర. ఆషాఢం, మూఢం వచ్చాయంటే పెళ్ళి పని సున్నా. పంచాంగం కొనగానే నేను మొదట చూసేది మూఢం ఎప్పుడో. ఆ నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి, పాటలు రికార్డు చేసుకోవడానికి కూడా అవే నెలలు.

బయానా లేకుండా కదలకు. ఒప్పుకున్న రోజే సగం, స్టేజి ఎక్కేముందు మిగతా సగం. "ప్రోగ్రాం అయ్యాక ఇస్తాం" అన్న ఒక కమిటీని నమ్మి రాత్రి రెండింటిదాకా పాడాను. దిగి చూస్తే కుర్చీలు సర్దే అబ్బాయి తప్ప ఎవరూ లేరు. తెల్లవారుజామున బస్టాండులో కీబోర్డు మీద తల పెట్టుకుని పడుకున్నాను. అలాగని అందరూ అలాంటి వాళ్ళే అనుకోకు. టెక్కలి దగ్గర ఒక పల్లెలో కమిటీవాళ్ళు డబ్బుతో పాటు బస్తా బియ్యం కూడా ఎక్కించారు.

కంపెనీల వాళ్ళు చెక్కు ఇస్తే 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 రూపాయలు దాటిన ఫీజు మీద కోయాలి. నీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకో, బద్ధకించి వదిలేసిన వాళ్ళు మాలో చాలామంది. జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటాక సంగతి, ఆ భాగ్యం నాకింకా పట్టలేదు.

ఇప్పుడు కాగితాలు. దీని మీద ఎక్కువ రాస్తాను, నా చెయ్యి కాలింది ఇక్కడే కాబట్టి. 2003లో ఒక క్యాసెట్ల కంపెనీ నా ఎనిమిది పాటలకి 6,000 రూపాయలిచ్చింది. అప్పట్లో అది నాకు పెద్ద మొత్తం. వాళ్ళిచ్చిన కాగితం మీద "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంది. చదివాను కూడా, ప్రపంచమంతటా అంటే గర్వంగా అనిపించింది! ఇవాళ ఆ పాటలు యూట్యూబ్‌లో నా పేరు లేకుండా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మొన్న నేనే కొత్తగా పాడి నా ఛానల్లో పెడితే, ఆ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. నేను రాసిన పాట, నా గొంతు, డబ్బు మాత్రం వాళ్ళకి.

నువ్వు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఒక పాటలో మూడు ఆస్తులుంటాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి. ఆ రికార్డింగునే మాస్టర్ అంటారు. నువ్వే రాసి, నువ్వే కట్టి, నీ ఖర్చుతో రికార్డు చేస్తే మూడూ నీవే. సాహిత్యానికీ బాణీకీ హక్కు నీ జీవితకాలం, ఆ తరవాత 60 ఏళ్ళు. మాస్టర్‌కి విడుదలైన తరవాత 60 ఏళ్ళు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. కానీ తగాదా వస్తే సాక్ష్యం కావాలి, కాబట్టి నీకు బాగా నమ్మకమున్న పాటలకి చేయించుకో. సాహిత్యానికి గానీ బాణీకి గానీ 500 రూపాయలు, రికార్డింగుకి 2,000.

ఎవరైనా హక్కులు రాసివ్వమంటే 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ గుర్తు పెట్టుకో. రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే బదిలీ చెల్లుతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే అనుకోవాలి. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్ళ కాగితాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని అంత శ్రద్ధగా రాస్తారు. ఆ రెండు మాటలు కొట్టేసి "మూడేళ్ళు" అని రాసి ఇవ్వు. ఒప్పుకుంటే మంచి కంపెనీ, ఒప్పుకోకపోతే పాట నీ దగ్గరే ఉంది. 2012లో చట్టం మార్చాక సినిమాలో వాడిన పాటకి కూడా రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీ వాటా ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదు. నాకది తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఆ రాయల్టీ వసూలు చేసే సంఘం ఐపీఆర్ఎస్. 1969 నుంచి ఉంది. రచయితలూ స్వరకర్తలూ ఇద్దరూ అందులో చేరతారు. నువ్వు రెండూ కాబట్టి రెండు వాటాలూ నీవే, ఫారంలో రెండు చోట్లా టిక్ పెట్టడం మర్చిపోకు. నేను మొదట రచయిత్రిగా మాత్రమే చేరి ఏడాదిన్నర సగం పోగొట్టుకున్నాను. ప్రతి పాటనీ విడిగా నమోదు చెయ్యాలి, సభ్యత్వం తీసుకున్నంత మాత్రాన డబ్బు రాదు. గాయకులకి వేరే సంఘం ఉంది, ఇస్రా అని మొదలై ఇప్పుడు ఇసమ్రా అయింది.

స్ట్రీమింగ్ గురించి త్వరగా. డిస్ట్రిబ్యూటర్ (పాటని యాప్‌లకి చేర్చే కంపెనీ) ద్వారా పెడితే ప్రతి రికార్డింగుకీ ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడు వస్తుంది. దాన్ని ఒక నోటుబుక్కులో రాసుకో. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడు ఇస్తేనే పాత లెక్కలు నిలుస్తాయి. విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు స్పాటిఫైలో ప్లేలిస్టులు కూర్చే ఎడిటర్లకి పాట పంపొచ్చు, నేను నాలుగు వారాల ముందే పెడతాను. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినపడకపోతే ఆ మాస్టర్‌కి పైసా రాదు. అంటే పద్నాలుగు పాటలు ఒకేసారి గుమ్మరించకు, ఆరువారాలకి ఒకటి చొప్పున వదులు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బుకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. అమెరికా పన్ను ఫారం నింపమని అడుగుతారు, అక్కడ మన దేశానికి అమెరికాతో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం అని చూపించుకోవాలి. అది నింపకపోతే అంతకన్నా ఎక్కువ కోస్తారు. సినిమా పాటలు కవర్ చేస్తే, అంటే మన గొంతుతో మళ్ళీ పాడి పెడితే, వ్యూస్ వస్తాయి నిజమే, డబ్బు మాత్రం పాట ఎవరిదో వాళ్ళకి పోతుంది. కవరు గొంతు పరిచయం చెయ్యడానికి మటుకే.

రికార్డింగు. ఇంట్లోనే చెయ్యి. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ వాద్యాన్నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఇంతే. కంప్యూటర్ నీకు ఎలాగూ వచ్చు. బీటిల్స్ బృందంలోని పాల్ మెక్‌కార్ట్‌నీ 1970లో సొంత ఆల్బమ్ ఇంట్లో నాలుగు ట్రాకుల (విడివిడిగా రికార్డయ్యే వరసల) యంత్రం మీద మొదలుపెట్టి వాద్యాలన్నీ దాదాపు తనే వాయించుకున్నాడు. నీ లాప్‌టాప్‌లో ట్రాకులకి లెక్కే లేదు, అదే ప్రమాదం కూడా. మా ఇంట్లో రాత్రి పదకొండు దాటాక మొదలుపెడతాను. అప్పటికి కుక్కర్లు, సీరియళ్ళు, పక్కింటి బైకు అన్నీ ఆగుతాయి. మంచం నిలబెట్టి దాని మీద రజాయిలు వేస్తే గోడ మోత తగ్గుతుంది. ఫ్యాను ఆపాలి. మే నెలలో బరంపురంలో ఫ్యాను ఆపి పాడటమంటే ఏమిటో అడక్కు.

అన్నీ ఒక్కరే వాయించుకునే వాళ్ళకి ఒక జబ్బుంటుంది, అది ఎవరూ చెప్పరు. ప్రతి మనిషికీ లయలో ఒక అలవాటు ఉంటుంది. నేను చరణం చివరికొచ్చేసరికి కొంచెం పరిగెడతాను. గిటారులో పరిగెట్టాను, డోలక్‌లో పరిగెట్టాను, మాండొలిన్‌లోనూ అక్కడే పరిగెట్టాను. విడివిడిగా వింటే తెలీదు, మూడూ కలిపితే పాట మెట్ల మీంచి జారినట్టుంది. ఇంకో మనిషి ఉంటే అతను వెనక్కి లాగేవాడు. నీ మూడు పాటల్లోనూ ఇది వినపడుతోంది, నీది పరుగు కాదు, పల్లవికి తిరిగొచ్చేటప్పుడు నీరసం. మందు ఏమిటంటే: చెవిలో క్లిక్ (లయ చూపే టిక్ టిక్ చప్పుడు) పెట్టుకుని ముందు డోలక్, దాని మీద గొంతు, ఆ తరవాతే మిగతావి. ఇంకా మంచి మందు, ఒక్క వాద్యమైనా వేరే మనిషి చేత వాయించడం. డబ్బిచ్చి, పేరు వేసి.

సామాను జాగ్రత్త. మాకు గోపాలపురం సముద్రం పక్కనే, గిటారు తీగలు రెండు నెలలకే తుప్పు పడతాయి. మీకు ఆ బాధ లేదు, వానాకాలం చెమ్మ ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. పైకప్పు రేకు లేచిపోయి నాన్న హార్మోనియం నానిపోయింది, మెట్లు ఉబ్బి మళ్ళీ పలకలేదు. హార్డ్ డిస్కు మాత్రం స్టీలు బియ్యం డబ్బాలో పెట్టాను, బతికింది. అప్పటినుంచి రెండో కాపీ పర్లాకిమిడిలో అమ్మ దగ్గర ఉంచడం మొదలుపెట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి గజపతి జిల్లానే ముంచింది. ఇప్పుడు మూడో కాపీ క్లౌడ్‌లో ఉంది. నవ్వుకో, కానీ నువ్వూ పెట్టుకో.

భాష గురించి నువ్వు అడగలేదు, నేనే చెబుతాను. నీ పాటల్లో తెలుగు పత్రికల్లో తెలుగులా ఉంది. లింకు కింద నువ్వు రాసిన నాలుగు వాక్యాల్లో మాత్రం "ఏటి చెయ్యాలో తెలట్లేదు" అని ఉంది. పాటలో "ఏటి" కాస్తా "ఏమిటి" ఎందుకైంది? మన సరిహద్దు తెలుగుని చూసి హైదరాబాద్ వాళ్ళు నవ్వుతారని భయం. ఒడియా వాళ్ళకి మనం తెలుగువాళ్ళం, ఆంధ్రా వాళ్ళకి ఒడిశా వాళ్ళం, ఈ బెంగ నాకూ ఉండేది. పార్వతీపురం వైపు వంగపండు ప్రసాదరావు గారు తన ఊరి యాసలోనే రాసి పాడారు, తెలుగు నేలంతా పాడుకుంది. మన వూళ్ళో స్టేజి మీద ఒక పల్లవి తెలుగులో, చరణం ఒడియాలో పాడితే జనం లేచి నిలబడతారు, ఆ సుఖం ఏ మహానగరం వాడికీ తెలీదు. ఒడియా మాత్రం ఉచ్చారణ తప్పకుండా నేర్చుకో, సగం తెలుగు ఒడియా పాడితే మెలోడీ వాళ్ళు మళ్ళీ పిలవరు.

ఒక జాగ్రత్త. నీ రెండో పాటలో బాణీ కొండ మీద కువి భాష మాట్లాడే గిరిజనుల పాటలా వినిపించింది. అది "జానపదం, ఎవరిదీ కాదు" అనుకోకు. ఎవరి నోట విన్నావో ఆ ఊరు పేరు వెయ్యి, వాళ్ళని పిలిచి పాడించు, వాటా ఇవ్వు. మా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద పుస్తకం 1931లో వేసేనాటికి దశాబ్దాల తరబడి ఆ భాష నేర్చుకుంటూ ఉన్నారు. మనం ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని మన పేరు వేసుకుంటే ఎలా?

హైదరాబాద్ వెళ్ళు, కానీ వేసవి సెలవుల్లో నెల రోజులు వెళ్ళు. నీ పాటలు పట్టుకుని కాదు, డోలక్ పట్టుకుని. స్టూడియోల్లో ఎలా పని జరుగుతుందో చూడు, నలుగురు సౌండ్ ఇంజినీర్ల పరిచయం చేసుకో, తిరిగి రా. అంతకన్నా ముందు విశాఖ ఉంది నీకు. నేనైతే గొంతూ తీగలూ ఇంట్లో రికార్డు చేసుకుని మిక్సింగ్‌కి మాత్రం విశాఖ వెళ్తాను. అసలు నువ్వు హిరాఖండ్ రైలు ఎక్కి మన రాష్ట్ర రాజధాని భువనేశ్వర్ వెళ్ళాలన్నా విజయనగరం మీదుగానే కదా వెళ్ళేది. మధ్యలో బరంపురంలో ఆగితే మా ఇల్లు ఉంది. ఆకాశవాణి ఆడిషన్‌కి కూడా దరఖాస్తు పెట్టు, మీ వైపు జయపురంలో కేంద్రం ఉంది. గ్రేడు వస్తే డబ్బు తక్కువే అయినా కమిటీల వాళ్ళ దగ్గర బేరం ఆడటానికి పనికొస్తుంది.

ఇక నువ్వు పంపిన మూడో పాట, నాన్న ప్యాంటు మడతల గురించి రాసింది. మూడింటిలో అదే పాట. మొదటి చరణం గిటారూ గొంతూ మాత్రమే, వింటూ గరిటె పక్కన పెట్టేశాను. రెండో చరణంలో వేణువు వచ్చింది, దాని వెనక కీబోర్డు స్ట్రింగ్స్ వచ్చాయి, నీ గొంతు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "సైకిలు గొలుసు నూనె మరక" అన్న మాట సరిగ్గా వేణువు కింద పడిపోయింది. వేణువు తీసెయ్. స్ట్రింగ్స్ తీసెయ్. డోలక్ చివరి పల్లవి దాకా రానివ్వకు. శ్రుతి ఒక మెట్టు దించి, రాత్రి ఫ్యాను ఆపి మళ్ళీ పాడి పంపు. ఈ నెలాఖరు దాకా మూఢమే, ఖాళీగానే ఉంటాను.